ఆమెను ఉంచమన్నాను, ఆయన్ను తీయమన్నాను

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. మీ పని మీ సీటు దగ్గర జరగదు. నాకైతే దిల్‌సుఖ్‌నగర్‌లో కంపెనీ బస్సెక్కిన దగ్గర్నుంచి, హయత్‌నగర్ దాటి ఫ్యాక్టరీ గేటు ముందు దిగేదాకా జరిగేది. మాది మందుల కంపెనీ. నేను జీతాలు, పీఎఫ్, పింఛను చూసే విభాగంలో ఉండేదాన్ని. సీటు దగ్గరికి వచ్చేవాళ్ళు సంతకాల కోసం వచ్చేవాళ్ళు. బస్సులో పక్కకొచ్చి కూర్చునేవాళ్ళు భయపడి వచ్చేవాళ్ళు.

రిటైరయ్యాక కూడా ఆ వేళకి ఇంట్లో కాలు నిలవదు. చెప్పులేసుకుని కొత్తపేట దాకా నడిచొస్తాను. ఎక్కడికని అడగడం మా ఆయన ఎప్పుడో మానేశారు. నడిచినంతసేపూ ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూనే ఉంటాను. ఆ ఎవరో చాలాసార్లు, నాతోపాటు ఆ బస్సులో తిరిగిన యాదగిరే. అందుకే ఆయన సంగతి రాస్తున్నాను. మధ్యలో నా అభిప్రాయాలూ దూరతాయి, సర్దుకోండి.

మూడు డబ్బాలు

పీఎఫ్‌లో మనం ఎంచుకునేదేమీ ఉండదు. కోస్తారు, వడ్డీ వేస్తారు, అంతే. దాంతోపాటు మా కంపెనీ జాతీయ పింఛను పథకం కూడా పెట్టింది. అందరూ ఎన్‌పీఎస్ అంటారే, అది. నెలనెలా కంపెనీ కొంత వేస్తుంది, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం ఉద్యోగి చెప్పాలి. నేను దాన్ని మూడు డబ్బాలుగా చెప్పేదాన్ని. ఒకటి షేర్లు. పెరిగితే బాగా పెరుగుతాయి, పడితే గుండె జారుతుంది. రెండోది కంపెనీల బాండ్లు. మూడోది ప్రభుత్వ బాండ్లు. ఇవీ కదులుతాయి గానీ షేర్లంత ఎగిరిపడవు. దేంట్లో ఎంత శాతమో మనమే చెప్పాలి. ఏమీ చెప్పకపోతే, వయసు పెరిగేకొద్దీ షేర్ల భాగాన్ని దానంతటదే తగ్గించుకుంటూ పోయే దారిలో పెట్టేస్తారు.

వినడానికి ఇంతే. కానీ ఆ శాతాలు నింపేటప్పుడు ఎవరూ తమ వయసు వైపు, తమ అవసరం వైపు చూసుకోరు. పక్క సీటు వైపు చూస్తారు. మా అకౌంట్స్‌లో ఒకాయన ఏడాదికి ఎన్నిసార్లు మార్చుకోనిస్తే అన్నిసార్లూ మార్చేవాడు. పొద్దున టీవీలో ఎవరేం చెబితే మధ్యాహ్నానికి అది చేసేవాడు. చివరికి, పాస్‌వర్డ్ మర్చిపోయి ఖాతా తెరవడమే మానేసిన వాళ్ళకంటే వెనకబడ్డాడు. అందరం నవ్వుకున్నాం. నిజానికి నాదీ అదే తత్వం. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. నా ఖాతాను నేను కెలక్కుండా ఉండటానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు. ఈ ఉద్యోగమంటే జనానికి ఎంచుకోవడం నేర్పడం అనుకుంటారు. సగానికి పైగా, ఎంచుకున్నాక ఊరుకోవడం నేర్పడం.

మా విభాగాధిపతి ప్రభాకర్ గారిది వేరే పద్ధతి. "మేడం, స్కీమ్ ఏందో చెప్పండి, అక్కడితో ఆపేయండి. ఏది మంచిదో మనం చెప్పొద్దు. రేపు ఏమన్నా అయితే మన మీదికొస్తది" అనేవారు. రూలు ప్రకారం ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైనది. మీరు చేరగానే మీకూ ఇదే చెబుతారు, చెప్పాలి కూడా. కానీ భయపడిన మనిషి పక్కన కూర్చుని "మేడం, నన్నేం చేయమంటరు?" అన్నప్పుడు రూలు చదివి వినిపించడం నా వల్ల కాలేదు.

లాక్‌డౌన్ బస్సు

కరోనా లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులేసుకుని కూర్చుంది. మందుల కంపెనీ కాబట్టి మా బస్సు మాత్రం నడిచింది. సీటుకొక్కరు, ముఖానికి మాస్కు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మీద పోలీసులు తప్ప మనిషి కనపడేవాడు కాదు. కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ ఖాళీ రోడ్డుకేసి చూస్తుండేవి. అప్పుడే షేర్ల మార్కెట్ కుప్పకూలింది. మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేక, బస్సులో అందరూ ఫోన్లు తీసి తమ పింఛను ఖాతాలు చూసుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు ఏళ్ళ తరబడి తెరవని వాళ్ళు కూడా రోజుకు నాలుగైదుసార్లు తెరిచేవాళ్ళు.

ఒకరోజు శ్రావణి నా వెనక సీట్లో కూర్చుని ముందుకు వంగింది. నాణ్యత పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని ఆ అమ్మాయికి. మా గుంటూరు వైపు పిల్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో తనుండే హాస్టల్ మూసేస్తే, ఇంకో ఇద్దరితో కలిసి సైదాబాద్‌లో గది తీసుకుంది.

"మేడం, ఇవాళే మొత్తం షేర్లలోంచి తీసేసి ప్రభుత్వ బాండ్లలో పెట్టేస్తానండీ. నాన్న కూడా తీసెయ్యమంటున్నారు."

"ఆ డబ్బు నీకెప్పుడు కావాలమ్మా?"

"ఎప్పుడేంటండీ, ముసలిదాన్నయ్యాక కదా ఇచ్చేది!"

"మరి ఇప్పుడు పడితే నీకేంటి? ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. నెలనెలా నీ పేరున పడే డబ్బు ఇప్పుడు షేర్లను చవగ్గా కొంటోంది. కదపకు. ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేయ్, ఇంకా మంచిది."

శ్రావణి ఒప్పుకుంది గానీ, ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

బస్సు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగింది. యాదగిరి ఎక్కాడు. చంపాపేట్‌లో కిరాయికి ఉండేవాడు. మాత్రలు తయారయ్యే యంత్రాల దగ్గర సూపర్‌వైజర్. ఆయన మామూలు మాటే అరుపులా ఉండేది, జీవితమంతా ఆ యంత్రాల చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి. ఆ రోజు మాత్రం గొంతు బాగా తగ్గించి, ఫోన్ నా ముందు పెట్టాడు.

"మేడం, జర సూడుండ్రి. నా పైసలు ఎటు వోయినయ్?"

చూశాను. ఆయన వయసుకు నిబంధన ఎంత ఒప్పుకుంటుందో అంతా షేర్లలోనే పెట్టాడు. బస్సులో కుర్రాళ్ళు పెట్టుకున్నారని తనూ పెట్టుకున్నాడట. రిటైర్మెంట్ ఇంక రెండేళ్ళే. పీఎఫ్‌లోంచి తీసిందంతా హయత్‌నగర్ అవతల ప్లాటుకూ పునాదికీ అయిపోయింది.

"పునాది ఏసి పెట్టిన. రిటైరైనంక ఒచ్చే పైసలతోని ఇల్లు లేపుదామనుకున్న. జీతం బందైనంక కిరాయి ఎట్ల గట్టాలె? నేనూ మా అండాలూ యాడ వోవాలె?"

అండాలు ఆయన భార్య. "రేపు మేస్త్రీని అడిగి, రెండు గదులు పూర్తి కావాలంటే ఎంతవుతుందో కనుక్కోండి" అన్నాను.

మర్నాడు కనుక్కుని వచ్చాడు. రిటైరైనప్పుడు కొంత చేతికిస్తారు, మిగతాది నెలనెలా పింఛనుగా వస్తుంది. ఆ చేతికొచ్చే దాంట్లో చాలా భాగం ఇంటికే పోతుందని తేలింది. ఆ మేరకు షేర్లలోంచి తీసేసి ప్రభుత్వ బాండ్లలో పెట్టుకోమని, మిగిలింది అలాగే ఉంచమని చెప్పాను.

అప్పుడాయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తే. "ఇప్పటికే పడ్డయ్ గద మేడం? ఇప్పుడు తీస్తే పడ్డ కాడ అమ్ముకున్నట్టు గాదా?"

"అవును. అమ్ముకున్నట్టే."

"మల్ల లేస్తే?"

"లేస్తే మీకు తగ్గుతుంది. ఇంకా పడితే గోడలు కూడా లేవవు. ఏమవుతుందో నాకు తెలియదు, టీవీలో వాళ్ళకీ తెలియదు. మీకు ఎదురుచూసే టైమ్ లేదు, అదొక్కటే నాకు తెలిసింది. ఈ రెండిట్లో ఏది తట్టుకోగలరో మీరే చెప్పాలి."

ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేముందు ఆయన మాస్కు సర్దుకుని, "ఇల్లు గావాలె" అన్నాడు. ఆ మధ్యాహ్నమే మార్చేశాడు.

ఆ మాట

తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. మార్కెట్ లేచింది. మెల్లగా కాదు, ఎవరో తరుముతున్నట్టు లేచింది. జనం ఇంకా దవాఖానల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, షేర్లు మాత్రం పాత ఎత్తు దాటి పైకి పోయాయి.

ఆ రోజుల్లో నేను చేసింది చెబితే మీకు నవ్వొస్తుందో, నా మీద మర్యాద పోతుందో. మార్కెట్ తెరిచే వేళకి ఫోన్ పట్టుకుని, పడాలని కోరుకునేదాన్ని. మళ్ళీ ఒక్కసారి పడితే చాలు, యాదగిరికి నేను చెప్పింది ఒప్పవుతుంది. అలా పడితే బస్సులో మిగతావాళ్ళందరి డబ్బూ కరుగుతుందని తెలుసు. వాళ్ళ శాతాలు దగ్గరుండి పెట్టించింది కూడా నేనే. అయినా కోరుకున్నాను. ఇంటికొచ్చాక కూడా వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూ కోరుకున్నాను. మీ సలహా సరైనదని నిరూపించుకోవాలన్న తహతహ మీకూ కలుగుతుంది. అది మొదలైన రోజు నుంచి మీరు ఎదుటి మనిషి కోసం పనిచేయడం లేదని అర్థం చేసుకోండి.

మళ్ళీ ఊళ్ళకు రాకపోకలు మొదలయ్యాక శ్రావణి ఇంటికెళ్ళి, వచ్చేటప్పుడు డబ్బా నిండా సున్నుండలు తెచ్చింది. బస్సులో అందరికీ పంచుతూ నా దగ్గరికొచ్చి, పాపం సంతోషం కొద్దీ గట్టిగానే అంది: "మేడం ఉంచమన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రోజు మొత్తం తీసేసేదాన్నండీ!"

యాదగిరి అటుపక్క సీట్లో ఉన్నాడు. ఆయన చేతిలో అప్పటికే సున్నుండ ఉంది. దాన్ని తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

"మేడం, ఒక్కటడుగుతా. ఆమెనూ మీరే ఉంచమంటిరి. నన్ను మీరే తీయమంటిరి. ఒక్క బస్సుల, ఒక్క దినం తేడాతోని. మీ ఊరోళ్ళకొక మాట, మాకొక మాటనా?"

శ్రావణి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె వయసు, ఆయన వయసు, ఇల్లు, గడువు అన్నీ చెప్పొచ్చు. ఆ క్షణంలో ఏం చెప్పినా తప్పించుకుంటున్నట్టే వినపడుతుందని తెలిసి ఊరుకున్నాను. నేను పెళ్ళయి ఈ ఊరొచ్చినదాన్ని, నా పిల్లలు ఇక్కడే పుట్టారు. పాతికేళ్ళకు పైగా ఆ బస్సులో తిరిగాక, నేను ఏ ఊరిదాన్నో నాకే గుర్తుచేశాడు.

ఆ తర్వాత నా పక్క సీటు ఖాళీగా ఉండటం మొదలైంది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కూర్చునేవాళ్ళు కాదు, అంతే.

ప్రభాకర్ గారి గదిలో

బస్సులో మాట ఫ్యాక్టరీలోకి రావడానికి ఎంతసేపు కావాలి? ప్రభాకర్ గారు నన్ను పిలిచారు. యాదగిరిని ముందే పిలిపించి కూర్చోబెట్టారు.

"అందుకే చెప్పిన మేడం మీకు. ఇప్పుడు చూడండి, ప్రాంతం గొడవ దాకా వచ్చింది. ఇంక ఈ ఎంపికలే వద్దు. ఎవరికి ఎంత శాతమో కంపెనీయే పెట్టేస్తది. అందరికీ ఒక్కటే. మనకు తలనొప్పి ఉండదు."

అలా చేసే వీలు కంపెనీకి ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే. కానీ అందరికీ ఒక్కటే పెడితే శ్రావణికీ యాదగిరికీ ఒకే మందు ఇచ్చినట్టు. నేను అదే అన్నాను. ఆయన వినిపించుకోకుండా యాదగిరి వైపు తిరిగారు.

"యాదగిరీ, మేడం చెప్పడం వల్ల నీకు నష్టమైందని రెండు ముక్కలు రాసియ్యి. పైకి పంపిస్త. మిగతాది నేను చూసుకుంట."

యాదగిరి కుర్చీలో ముందుకు జరిగాడు. యంత్రాల దగ్గరి గొంతు మళ్ళీ వచ్చేసింది.

"ఏం రాయాలె సార్? నష్టమైంది, నిజమే. అందరి ముంగట అడిగిన, మల్ల అడుగుతా. గని ఆమె చెప్పొద్దని నేనన్ననా? ఆ దినం నేను పోయి కూసుంటే, ఏమైతదో నాకు తెల్వదని కూడా చెప్పింది. నా పైసలు నేను యాడ పెట్టుకోవాలెనో కంపెనీ చెప్తదా? గట్లయితే నాకొద్దు. నేనేం రాయ."

లేచి, తలుపు మూయకుండానే వెళ్ళిపోయాడు. ప్రభాకర్ గారు లేచి ఆ తలుపు మూసి, "మరి మీరన్నా అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పండి మేడం" అన్నారు. ఎంపిక ఉద్యోగుల చేతిలోనే ఉండిపోయింది.

యాదగిరి నన్ను వెనకేసుకొచ్చాడని నేను అనుకోలేదు. నా మీద కోపం ఆయన దగ్గర భద్రంగానే ఉంది. దాన్ని ఇంకెవరికీ వాడుకోనివ్వలేదు, అంతే. పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళ కింద పనిచేశాను, ఈ తేడా తెలిసినవాళ్ళు వాళ్ళలో చాలా తక్కువ.

మర్నాడు బస్సు ఎల్బీనగర్ దాటాక నేను లేచి, సీటు పట్టుకుని నిలబడి అందరికీ చెప్పాను. మొదట యాదగిరిని అడిగాను: "మీ సంగతి అందరి ముందూ చెప్పొచ్చా?"

"చెప్పుండ్రి. తెల్వనిదెవ్వలికి?"

శ్రావణికి ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో, యాదగిరికి ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో మొత్తం చెప్పాను. డబ్బు ఎప్పుడు కావాలన్నది తేలకుండా దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలదని చెప్పాను. వెనక సీట్లోంచి ఎవరో "మరి నాకు ఇంక పదేండ్లుంది మేడం, నేనేం జేయాలె?" అని అడిగారు. ఇంకొకరు అందుకున్నారు. హయత్‌నగర్ వచ్చేదాకా ప్రశ్నలే. చివర్లో యాదగిరి అన్నాడు: "సమజైంది మేడం. గని నష్టం నష్టమే."

"అవునండీ, నష్టమే" అన్నాను.

అప్పట్నుంచి ఎవరికీ చెవిలో చెప్పలేదు. ఒకరి చెవిలో చెప్పిన మంచి మాట పక్కవాళ్ళకు కుట్రలా వినపడుతుంది. జీతాల పని చేసేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఏం చెప్పినా నలుగురి ముందు, కారణంతో సహా చెప్పండి. తర్వాత తిట్లు తిన్నా, దేనికి తింటున్నామో అందరికీ తెలిసి ఉంటుంది.

ఇల్లు

యాదగిరి రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడు నేనూ అయ్యాను. ఈమధ్య ఒకరోజు ఫోన్ చేసి, "ఇల్లు సూడనీకి రాకపోతిరి. గృహప్రవేశం నాడు కరోనా అనుకుంట తప్పించుకుంటిరి. ఇప్పుడేమైంది?" అన్నాడు. ఇంట్లో ఎలాగూ కాలు నిలవదు కాబట్టి, ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్ళి అక్కడ బస్సెక్కాను.

రెండు గదులు, ముందు చిన్న వసారా, గేటు పక్కన కరివేపాకు మొక్క. అండాలు మంచినీళ్ళిచ్చి, "కిరాయి బాధ పోయింది మేడం. ఒకటో తారీఖొస్తే ఇంటాయన ముఖం సూసుడు లేదు" అంది. నా మనసు కొంచెం తేలికైంది. యాదగిరికి అది కనిపించినట్టుంది, వెంటనే "పైకి రాండ్రి" అన్నాడు.

మెట్లెక్కాం. డాబా మీద నాలుగు మూలలా పిల్లర్ల ఊచలు పైకి లేచి, తుప్పుపట్టి ఉన్నాయి. వాటికి కట్టిన తాడు మీద బట్టలు ఆరేశారు.

"ఈడ ఇంకొక గది లేస్తుండె. కిరాయికిచ్చుకుంటుంటి. ఇది మీ గది మేడం" అన్నాడు.

కోపంగా అన్లేదు. ఆయన నిజమే చెబుతున్నాడు. ఆ రోజు తీయకపోయి ఉంటే ఆ గది లేచేది. ఆ ఊచల వంక చూస్తూ నిలబడ్డాను. ఊరుకోలేకపోయాను.

"మార్కెట్ ఇంకా పడి ఉంటే, యాదగిరి గారూ?"

ఆయన తాడు మీద జారుతున్న తువ్వాలు సరిచేశాడు.

"పడలే గద మేడం."

జరగని నష్టాన్ని ఎవరికీ చూపించలేం. జరిగిన నష్టం మాత్రం ఇలా డాబా మీద ఊచలై నిలబడి కనపడుతుంది. మీరు ఎంత ఆలోచించి చెప్పినా, మీ వాళ్ళ డాబాల మీద ఇలాంటివి కొన్ని లేస్తాయి. వాటిని చూడకుండా తప్పించుకు తిరగకండి. పిలిచినప్పుడు వెళ్ళి చూడండి.

భోంచేసి బయల్దేరుతుంటే, యాదగిరి బస్టాపు దాకా వచ్చాడు. బస్సు కనపడగానే గబగబా అన్నాడు:

"మా చిన్నబిడ్డకు ఉప్పల్ల కంపెనీ నౌకరి ఒచ్చింది. పింఛన్‌ది ఏదో శాతాలు నింపమంటున్నరట. మీ తాన పంపుతా, జర చెప్పుండ్రి."

"నేను రిటైరయ్యాను కదండీ."

"నౌకరి రిటైరైతది గని, నోరు రిటైరైతదా?" అని బస్సుకు చెయ్యెత్తాడు. నేను ఎక్కాక, కిటికీ దగ్గరికొచ్చి మళ్ళీ ఆ యంత్రాల గొంతుతో అరిచాడు. "మంచిగ ఆలోచించి చెప్పుండ్రి మేడం. తప్పయితే మాత్రం మల్ల అడుగుతా!"